నెట్ సెంటర్ సిస్టమ్స్‌లో ఏ ఓపెన్ సోర్స్ బ్రౌజర్ పెట్టాలి? ఒకరి వివరాలు ఇంకొకరికి కనపడకూడదు

బస్టాండ్ నెట్‌సెంటర్

అందరికీ నమస్కారం. మాది నర్సీపట్నంలో చిన్న నెట్ సెంటర్. మా ఆయన జిరాక్సు, డీటీపీ చూసుకుంటారు. ఆన్‌లైన్ పనులన్నీ నావి. మొత్తం ఆరు సిస్టమ్స్. నాలుగింటిలో విండోస్ 10, రెండింటిలో ఇంకా విండోస్ 7. అన్నీ 4 జీబీ ర్యామ్‌వే. 1బీ, అడంగల్ ప్రింట్లు, ఆధార్ డౌన్‌లోడ్, పాన్ అప్లికేషన్లు, రైలు టికెట్లు, స్కాలర్‌షిప్ ఫారాలు, సీజన్ వచ్చిందంటే ఈఏపీసెట్, ఐసెట్ కౌన్సెలింగ్. సగం పనులు నేనే కూర్చుని చేస్తాను. చదువుకున్న పిల్లలైతే గంటకు ఇంత అని ఇచ్చి వాళ్లే చేసుకుంటారు.

పోయిన కౌన్సెలింగ్ సీజన్‌లో జరిగిన సంగతి ఒకటి నన్ను ఇప్పటికీ వదల్లేదు. చింతపల్లి వైపు నుంచి ఒకమ్మాయి వాళ్ల నాన్నతో వచ్చింది, వెబ్ ఆప్షన్లు పెట్టుకోడానికి. కాలేజీల కోడ్‌లు నోట్‌బుక్‌లో వరసగా రాసి తెచ్చుకుంది, నలభై దాకా. రెండు గంటలు కూర్చుని అన్నీ ఎక్కించింది. ఆఖరి బస్సు వెళ్లిపోతుందని వాళ్ల నాన్న కంగారు పెడుతుంటే లాగౌట్ నొక్కకుండా విండో మూసేసి లేచిపోయింది. ఐదు నిమిషాలకి అదే కుర్చీలో ఇంకో అబ్బాయి కూర్చున్నాడు. అతను బ్రౌజర్ తెరవగానే పాత ట్యాబులన్నీ వాటంతట అవే తెరుచుకున్నాయి, ఆ అమ్మాయి పేజీతో సహా. తన కోసం నేనే లాగిన్ చేసి పెట్టాననుకున్నాడు. పైనున్న రెండు ఆప్షన్లు మార్చి సేవ్ కొట్టాడు. మూడోది మార్చబోతూ పేరు చూసి నన్ను పిలిచాడు.

ఆ రాత్రి వాళ్ల నాన్నగారి నంబరుకి ఎన్నిసార్లు చేసినా సిగ్నల్ లేదు. మర్నాడు పొద్దున దొరికారు. గడువు ఇంకో రోజు ఉంది కాబట్టి మళ్లీ వచ్చి సరిచేసుకున్నారు. రానుపోను ఛార్జీలు ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. "పిల్ల సీటు పోలేదు కదమ్మా" అన్నారు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో తిప్పినట్టు ఉంటుంది. గడువు ముందు రోజే అయిపోయి ఉంటే?

ఆ తర్వాత నుంచి గమనించడం మొదలుపెట్టాను. ఒకామె ఫారంలో మొబైల్ నంబరు కొట్టబోతే, కింద ఇంకో పదిమంది నంబర్లు జాబితాలా దిగాయి. పాన్ నంబరు గడిలోనూ అంతే. ఒక సిస్టమ్‌లో పాస్‌వర్డ్‌లు చూస్తే నూటికి పైగా సేవ్ అయి ఉన్నాయి, బ్యాంకు లాగిన్లు కూడా. సేవ్ చేయాలా అని అడిగితే ఏదో అడుగుతోందిలే అని జనం 'సరే' నొక్కేస్తారు. అన్నీ తుడిచేశాను. వారం తిరిగేసరికి మళ్లీ పోగయ్యాయి.

మా అన్నయ్య కొడుకు విశాఖలో బీటెక్ చదువుతున్నాడు. "అత్తా, ఓపెన్ సోర్స్ బ్రౌజర్ పెట్టుకో. లోపల ఏం చేస్తుందో ఎవరైనా చూడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు" అన్నాడు. ఏది పెట్టాలంటే ఐదారు పేర్లు చెప్పాడు. ఫైర్‌ఫాక్స్, బ్రేవ్, లిబ్రేవుల్ఫ్, టార్, ఇంకా ఏవో. నాకు కావలసింది ఇది: ఒకరు లేచి వెళ్లాక వాళ్ల జాడ ఏదీ ఆ సిస్టమ్‌లో మిగలకూడదు. గవర్నమెంట్ సైట్లు పని చేయాలి. పాత సిస్టమ్స్‌లో నడవాలి. నాకు కోడింగ్ రాదు గానీ, మెల్లగా వివరంగా చెబితే చేసుకోగలను.

---

కాకినాడ ల్యాబ్

అక్కా, నేను ఒక కాలేజీలో అరవై సిస్టమ్స్ ల్యాబ్ చూసుకుంటాను. మీకు ఎదురైన ఇబ్బంది మాకు రోజూ ఉండేదే.

ముందు ఆ అమ్మాయి విషయంలో ఏం జరిగిందో చెప్తాను. లాగిన్ అయ్యాక సైటు మీ బ్రౌజర్‌కి కుకీ అనే చిన్న చీటీ ఇస్తుంది. ఆ చీటీ ఉన్నంతసేపు సైటు మళ్లీ పాస్‌వర్డ్ అడగదు. మామూలుగా అయితే బ్రౌజర్ మూసేస్తే అలాంటి చీటీ పోవాలి. కానీ సెట్టింగ్స్‌లో 'ఆపిన చోట నుంచి కొనసాగించు' అని ఒకటి ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే ట్యాబులతో పాటు చీటీలను కూడా దాచి తిరిగి తెస్తుంది. ఇది ఏ ఒక్క బ్రౌజర్ తప్పూ కాదు, ఫైర్‌ఫాక్స్‌లోనూ ఆ సదుపాయం ఉంది. సొంత ల్యాప్‌టాప్‌లో ఉపయోగమే. పదిమంది కూర్చునే కుర్చీలో ప్రమాదం. ఇవాళే ఆరింటిలోనూ అది ఆఫ్ చేయండి, మిగతాది తర్వాత.

బ్రౌజర్ అంటే నేను ఫైర్‌ఫాక్సే చెప్తాను. కారణం పాలసీ ఫైలు. ఫైర్‌ఫాక్స్ ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్‌లో 'డిస్ట్రిబ్యూషన్' అని కొత్త ఫోల్డర్ చేసి, అందులో 'పాలసీస్ డాట్ జేసన్' అనే చిన్న టెక్స్ట్ ఫైలు పెట్టాలి. మనం ఏది వద్దంటే అది ఆ సిస్టమ్‌లో ఉండదు, కస్టమర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లినా మార్చలేడు. మా ల్యాబ్‌లో రాసుకున్నవి: పాస్‌వర్డ్ మేనేజర్ ఫాల్స్, ఫామ్ హిస్టరీ డిసేబుల్, ఫైర్‌ఫాక్స్ అకౌంట్స్ డిసేబుల్, టెలిమెట్రీ (వాడకం వివరాలు కంపెనీకి పంపడం) డిసేబుల్, శానిటైజ్ ఆన్ షట్‌డౌన్ ట్రూ. చివరిది ముఖ్యం. బ్రౌజర్ మూసిన ప్రతిసారీ కుకీలు, క్యాష్ (చూసిన పేజీల తాత్కాలిక కాపీలు), లాగిన్లు అన్నీ తుడిచేస్తుంది. అకౌంట్స్ ఎందుకు తీసేశానంటే, ఒక కుర్రాడు తన అకౌంట్‌తో సింక్ పెట్టి వెళ్లాడు, ఆ తర్వాత కూర్చున్న వాళ్లు చూసినవన్నీ అతని ఫోన్‌కి చేరుతూ వచ్చాయి. అతనికీ తెలీదు పాపం. ఒక ఫైలు రాసి పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే ఆరు సిస్టమ్స్‌కీ అరగంట పని. పెట్టాక అడ్రస్ బార్‌లో ఎబౌట్ కోలన్ పాలసీస్ అని కొడితే ఏవి అమల్లో ఉన్నాయో కనపడుతుంది.

ఒక్కటి జాగ్రత్త. మూస్తేనే తుడుస్తుంది. మినిమైజ్ చేసి లేచిపోతే ఏమీ తుడవదు. ఒక కస్టమర్ లేచి ఇంకొకరు కూర్చునే మధ్యలో బ్రౌజర్ పూర్తిగా మూయడం మీ చేతి మీదుగా జరగాలి.

విండోస్ 7 రెండింటి సంగతి వేరు. వాటికి ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్ (ఎక్కువకాలం సపోర్ట్ ఇచ్చే వెర్షన్) దగ్గరే ఆగిపోయింది, క్రోమ్ అయితే 109తోనే ఆగింది. 115కి సెక్యూరిటీ అప్‌డేట్ల గడువు ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా కొన్నిసార్లు పొడిగించింది గానీ, దాన్ని నమ్ముకుని జనం ఆధార్ తెరిచే సిస్టమ్ నడపకూడదు. విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. ఆ విండోస్ 7 రెండింటిలో విండోస్ తీసేసి లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేయండి, 4 జీబీ సరిపోతుంది.

---

కోడ్‌పిట్ట

మేడమ్, నేను హైదరాబాద్‌లో వెబ్ డెవలపర్‌ని. ఫైర్‌ఫాక్స్ మీద నాకు కోపమేమీ లేదు గానీ, మీ దగ్గరికి వచ్చేది సర్వీసుల కోసం. చాలా సైట్లు క్రోమ్‌లో మాత్రమే పరీక్షించి వదులుతారు. ఫైర్‌ఫాక్స్‌లో బటన్ పని చేయకపోతే కస్టమర్ మీ మీదే విసుక్కుంటాడు. అందుకే బ్రేవ్ చూడమంటాను. క్రోమ్‌ని క్రోమియం అనే ఏ ఓపెన్ సోర్స్ కోడ్ మీద కట్టారో బ్రేవ్ కూడా దాని మీదే కట్టారు. అదీ ఓపెన్ సోర్సే. యాడ్‌లు, ట్రాకర్లు ఆపే పని బ్రౌజర్‌లోనే ఉంది, విడిగా ఏమీ వేయక్కర్లేదు. యాడ్‌లు లేకపోతే పేజీలు తేలికవుతాయి, 4 జీబీ సిస్టమ్‌లో ఆ తేడా కంటికి కనపడుతుంది.

యాడ్‌లు ఆపడం ప్రైవసీ కోసమే అనుకోకండి. సెర్చ్‌లో 'అడంగల్' అనో 'పాన్ కార్డు' అనో కొడితే అసలు సైటు పైన డబ్బు కట్టి పెట్టించుకున్న నకిలీ పేజీలు వస్తాయి. జనం అక్కడే వివరాలు ఇచ్చేస్తారు. ఇలాంటి యాడ్‌ల మోసాల గురించే 2022 డిసెంబర్‌లో అమెరికా ఎఫ్‌బీఐ యాడ్ బ్లాకర్ వాడమని జనానికి సలహా ఇచ్చింది.

బ్రేవ్‌లో నచ్చనివీ చెప్పాలి. క్రిప్టో వాలెట్, రివార్డ్స్, ఏఐ చాట్ లాంటివి కలిపి వస్తాయి, ఆఫ్ చేసుకోవాలి. 2020లో కొన్ని క్రిప్టో సైట్ల అడ్రస్ కొడుతుంటే తమకు కమీషన్ వచ్చే లింకుగా పూర్తి చేసింది. అది బయటపడ్డాక కంపెనీ అధిపతి బ్రెండన్ ఐక్ తప్పని ఒప్పుకుని సరిచేశారు. కోడ్ బయట ఉండబట్టే దాన్ని అంత త్వరగా నిర్ధారించుకోగలిగారు. ఓపెన్ సోర్స్ అంటే తప్పు జరగదని కాదు, జరిగితే దాచడం కష్టం.

---

బస్టాండ్ నెట్‌సెంటర్

ఇద్దరికీ ధన్యవాదాలు. పాత ట్యాబులు తెరిచే సెట్టింగ్ ఆరింటిలోనూ తీసేశాను. ఐదింటిలో ఆన్‌లోనే ఉంది! ఎవరు పెట్టారో తెలీదు.

బ్రేవ్ ఒక సిస్టమ్‌లో వేసి రెండు రోజులు చూశాను. బాబూ, మీరన్నట్టే వేగంగా ఉంది, సైట్లన్నీ తెరుచుకున్నాయి. కానీ పైన వాలెట్ గుర్తు చూసి ఒకాయన "ఇందులో డబ్బులు వేసుకోవచ్చా" అని అడిగారు. ఇంకో కుర్రాడు రివార్డ్స్ ఆన్ చేసేశాడు. అన్నీ ఆఫ్ చేశాను గానీ, మా దగ్గరికి వచ్చే వాళ్ల ముందు అలాంటివి ఉండటమే నాకు టెన్షన్.

లిబ్రేవుల్ఫ్ కూడా చూశాను. అది మూయగానే కుకీలన్నీ తనే తుడిచేస్తోంది, నేనేమీ పెట్టక్కర్లేకుండానే. యాడ్ బ్లాకర్ లోపలే ఉంది. ఇదే ఖాయం చేద్దామనుకున్నాను. కానీ పొద్దున పది గంటలకి ఒక బుకింగ్ పేజీ తెరిస్తే, పేజీలో గడియారం 4:30 చూపించింది. సిస్టమ్ టైమ్ సరిగ్గానే ఉంది. ఇది ఎందుకు?

---

కాకినాడ ల్యాబ్

అది పాడవడం కాదక్కా, కావాలనే చేసింది. మీరు ఏ ప్రాంతంలో ఉన్నారు, స్క్రీన్ సైజు ఎంత, ఏ ఫాంట్లు ఉన్నాయి, ఇలాంటివన్నీ కలిపి, కుకీ లేకుండా కూడా మనిషిని గుర్తుపట్టొచ్చు. వేలిముద్ర లాగా. అందుకని లిబ్రేవుల్ఫ్ టైమ్ జోన్‌ని దాచి గ్రీన్విచ్ టైమ్ చెబుతుంది. మనకీ దానికీ ఐదున్నర గంటల తేడా. టార్ బ్రౌజర్‌లో పుట్టిన రక్షణే అది. ఆ సెట్టింగ్ తీసేయొచ్చు, కానీ అది తీసేస్తే లిబ్రేవుల్ఫ్‌కీ మనం సరిచేసుకున్న ఫైర్‌ఫాక్స్‌కీ మీ పనికి పెద్ద తేడా ఉండదు. పైగా నేను వేసినప్పుడు విండోస్‌లో దానంతట అది అప్‌డేట్ కాలేదు, దానికి వేరే అప్‌డేటర్ పెట్టుకోవాల్సి వచ్చింది. ఆరు సిస్టమ్స్‌కి అప్‌డేట్ గుర్తుపెట్టుకుని చేయడం మీ మీద ఇంకో బరువు.

టార్ సంగతి కూడా మీ మేనల్లుడు చెప్పాడన్నారు. మీరెవరో సైటుకి తెలియకుండా ఉండటం కోసం అది కనెక్షన్‌ని మూడు చోట్ల తిప్పి పంపుతుంది. ఆధార్ నంబరు కొట్టి లాగిన్ అయ్యే పనికి అది ఎందుకు? నెమ్మదిగా ఉంటుంది, కొన్ని సైట్లు రానివ్వవు కూడా. దాని అవసరం ఉన్నవాళ్లు వేరే ఉన్నారు, వాళ్లకి అది నిజంగా ప్రాణం.

---

మూడో కన్ను

అందరూ ఫైర్‌ఫాక్స్ అంటున్నారు కాబట్టి ఒక మాట చెప్పాలి. 2025 ఫిబ్రవరిలో మొజిల్లా మొదటిసారి ఫైర్‌ఫాక్స్‌కి వాడుక నిబంధనలు పెట్టింది. 'మీ డేటా అమ్మం' అని సైటులో ఉన్న మాట తీసేసింది. పైగా మొజిల్లా ఆదాయంలో ఎక్కువ భాగం గూగుల్‌ని డీఫాల్ట్ సెర్చ్‌గా పెట్టినందుకు వచ్చేదే. మరి అలాంటి బ్రౌజర్ ప్రైవసీ కోసం అని ఎలా చెప్తారు?

---

విహారిణి

మూడో కన్ను గారూ, మీరు చెప్పిన రెండూ నిజమే. నాకూ బాధ కలిగింది. నేను చాలా ఏళ్లు మొజిల్లా అనువాద సైటు పాంటూన్‌లో కూర్చుని ఫైర్‌ఫాక్స్‌ని తెలుగులోకి తెచ్చిన వాళ్లలో ఒకణ్ణి. బ్రౌజర్‌ని విహారిణి అనాలా, బ్రౌజర్ అనే ఉంచాలా అని రాత్రుళ్లు వాదించుకున్న రోజులున్నాయి. ఎవరూ డబ్బు ఇవ్వలేదు, అడగలేదు. నమ్మకంతో చేశాం. అందుకే ఆ మార్పు వచ్చినప్పుడు నిబంధనలు పూర్తిగా చదివాను.

మొదట రాసిన భాష నిజంగా భయపెట్టేలానే ఉంది. జనం నిలదీశాక కొన్ని రోజుల్లోనే మార్చారు. కొన్ని చోట్ల చట్టాల్లో 'అమ్మకం' అనే మాటకి అర్థం చాలా విస్తారంగా ఉంది, అందుకే ఆ మాట తీసేశామని వాళ్ల వివరణ. దాన్ని నమ్మాలో లేదో ఎవరికి వారు తేల్చుకోవాలి. నేను చూసేది ఒకటే. ఏ డేటా బయటికి పంపుతోందో కోడ్‌లో కనపడుతుంది, ఆపే స్విచ్ సెట్టింగ్స్‌లో ఉంది, ఆపితే ఆగుతుంది. ఆ నమ్మకం కూడా లేకపోతే అదే కోడ్ తీసుకుని లిబ్రేవుల్ఫ్ వాళ్లలాగా వేరు కుంపటి పెట్టుకోవచ్చు. 1998లో ఫైర్‌ఫాక్స్‌కి మూలమైన నెట్‌స్కేప్ అనే పాత బ్రౌజర్ కంపెనీ తన కోడ్‌ని బయట పెట్టబట్టే ఇవాళ ఈ దారి ఉంది. క్రోమ్, బ్రేవ్, ఎడ్జ్ అన్నీ ఒకే క్రోమియం ఇంజన్ మీద నడుస్తున్న రోజుల్లో, ఫైర్‌ఫాక్స్‌ని నడిపే గెకో అనే వేరే ఇంజన్ బతికి ఉండటం కూడా నాకు ముఖ్యం.

దాని ఫలితం మనకి కళ్లముందే ఉంది. క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్ల (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాముల) నియమాలను మార్చారు, 2024 నుంచి పాతవాటిని ఆపేస్తూ వచ్చారు. రేమండ్ హిల్ రాసిన యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్ బ్లాకర్ అందులో పడిపోయింది, ఇప్పుడు క్రోమ్‌లో లైట్ అనే చిన్న రూపమే మిగిలింది. ఫైర్‌ఫాక్స్‌లో అది పూర్తిగా పని చేస్తోంది, ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా. అమ్మా, మీ పాలసీ ఫైలులోనే యూబ్లాక్‌ని తప్పనిసరిగా వేసేలా రాసుకోవచ్చు. నకిలీ అడంగల్ యాడ్‌ల బాధ చాలావరకు పోతుంది.

ఇంకో విషయం, మీ కస్టమర్లకి చెప్పాల్సింది. ఇన్‌కాగ్నిటో అంటే ఎవరికీ కనపడమని చాలామంది నమ్ముతారు. అది ఈ సిస్టమ్‌లో జాడ మిగలకుండా చేస్తుంది, అంతే. అవతలి సైటు చూస్తుంది, నెట్ ఇచ్చే కంపెనీకి ఏ సైటుకి వెళ్లారో తెలుస్తుంది. దీని మీదే 2020లో అమెరికాలో గూగుల్ మీద కేసు వేశారు. 2024లో రాజీ కుదిరి, అలా పోగైన డేటాని తుడిచేయడానికి ఆ కంపెనీ ఒప్పుకుంది.

---

చిత్తు రిజిస్టర్

ఇంతసేపూ బ్రౌజర్ గురించే మాట్లాడుతున్నారు. నేను పన్నెండేళ్లు సైబర్ కేఫ్ నడిపి మూసేసినవాణ్ణి. రెండు సంగతులు మర్చిపోయారు.

ఒకటి, రూల్స్. 2011లో వచ్చిన సైబర్ కేఫ్ నిబంధనలు ఉన్నాయి. జనానికి ఇంటర్నెట్ ఇచ్చే ఎవరికైనా వర్తిస్తాయి. గుర్తింపు కార్డు చూడాలి, ఎవరు ఏ సిస్టమ్‌లో ఎంతసేపు కూర్చున్నారో రిజిస్టర్ రాయాలి, దాన్ని కనీసం ఏడాది దాచాలి. ఏ సైట్లు చూశారన్న చరిత్ర కూడా ఏడాది ఉంచాలి. క్యాబిన్ల అడ్డుగోడ నాలుగున్నర అడుగులకి మించకూడదని కూడా అందులో ఉంది. మీరే కూర్చుని ఫారం నింపే పని వేరు, గంటకి ఇంత అని పిల్లల్ని కూర్చోబెడితే ఈ రూల్స్ చూసుకోవాలి. కాబట్టి 'అన్నీ తుడిచెయ్' అని గుడ్డిగా పెట్టేయకండి.

దీన్ని ప్రైవసీకి అడ్డుగా చూడొద్దు. చట్టం అడిగింది ఏ సైటుకి వెళ్లారన్న జాబితా. పాస్‌వర్డ్‌లు, కుకీలు, ఫారంలో కొట్టిన నంబర్లు దాచమని ఎవరూ అడగలేదు. మరి ఆ జాబితా తర్వాత కూర్చునే వాడి కంట పడే బ్రౌజర్‌లో ఎందుకు ఉండాలి? నేను ఒక పాత సిస్టమ్‌లో స్క్విడ్ అనే ప్రాక్సీ పెట్టి, నెట్ అంతా దాని మీదుగా పంపేవాణ్ణి. అదీ ఓపెన్ సోర్సే. అడ్రస్ బార్‌లో తాళం గుర్తు ఉన్న సైట్లయితే అందులో సైటు పేరు వరకే నమోదవుతుంది, లోపల ఏం చేశారో రాదు. ఆ సిస్టమ్ నా టేబుల్ కింద ఉండేది, పాస్‌వర్డ్ నాకే తెలుసు. అప్పుడు బ్రౌజర్‌లో అన్నీ నిశ్చింతగా తుడుచుకోవచ్చు.

రెండోది, డౌన్‌లోడ్స్ ఫోల్డర్. మీరు ఏ బ్రౌజర్ పెట్టినా, ఎంత గట్టిగా తుడిచినా, దిగిన ఫైళ్లు అక్కడే ఉంటాయి. ఒకసారి తెరిచి చూడండి తల్లీ. ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది కదా అనుకోకండి. పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఊళ్లో వాళ్లకి అది ఊహించడం ఎంతసేపు? కస్టమర్‌కి ప్రింటు చాలితే, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనపడే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోమని మీరే చెప్పండి.

---

బస్టాండ్ నెట్‌సెంటర్

బాబాయి గారూ, మీ మాట చదివి వెంటనే వెళ్లి చూశాను. మూడో సిస్టమ్ డౌన్‌లోడ్స్‌లో రెండు వేలకు పైగా ఫైళ్లు. హాల్‌టికెట్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఒకావిడ ఆసుపత్రి రిపోర్టు, కుల ధ్రువపత్రాలు, ఆధార్‌లకైతే లెక్కే లేదు. వాటిలో మా వీధి వాళ్లవి ఉన్నాయి. మా అబ్బాయి స్కూలు మాస్టారి జీతం చీటీ ఉంది. నేను తెరవలేదు, ఫైలు పేర్లే చాలు. ఇన్నాళ్లూ కుకీలు, పాస్‌వర్డ్‌లు అని వెతుకుతున్నాను. ఇవన్నీ అక్కడే, ఎవరు కావాలంటే వాళ్లు నొక్కి చూసేలా పడి ఉన్నాయి.

రాత్రి షాపు మూశాక మా ఆయనా నేనూ కూర్చుని ఆరు సిస్టమ్స్‌లో తుడిచాం. రీసైకిల్ బిన్‌తో సహా. డెస్క్‌టాప్ మీద స్కానర్ ఫోల్డర్ ఉంటుంది, దాన్నీ వదల్లేదు. నా ఫోన్ వాట్సాప్‌కి జనం పంపిన డాక్యుమెంట్లు ఇంకా ఉన్నాయి, అవి తీయడానికి ఇంకో రెండు రాత్రులు పట్టింది.

రిజిస్టర్ గురించి కూడా చెప్పాలి. అది కౌంటర్ మీద తెరిచే ఉండేది. పేరు, ఫోన్ నంబరు, ఆధార్ చివరి అంకెలు, అన్నీ తర్వాత వచ్చినవాళ్లు చదువుకునేలా. ఒకసారి ఒక అబ్బాయి అందులోంచి ఒకమ్మాయి నంబరు ఫోన్‌లో కొట్టుకోవడం చూసి తిట్టి పంపించాను. అప్పుడైనా పుస్తకం లోపల పెట్టాలని తట్టలేదు. ఇప్పుడు సొరుగులో ఉంటోంది, నేనే రాస్తున్నాను.

---

కాకినాడ ల్యాబ్

అక్కా, డౌన్‌లోడ్స్‌కి ఒక ఉపాయం ఉంది. మింట్ వేయమన్నాను కదా, అందులో లాగిన్ విండో సెట్టింగ్స్‌లో గెస్ట్ సెషన్స్ అని ఉంటుంది. అది ఆన్ చేస్తే కస్టమర్ పాస్‌వర్డ్ లేకుండా అతిథిగా లోపలికి వస్తాడు. లాగౌట్ అవగానే అతని హోమ్ ఫోల్డర్ మొత్తం పోతుంది. బ్రౌజర్, డౌన్‌లోడ్స్, డెస్క్‌టాప్, అన్నీ. తర్వాత వచ్చేవాడికి కొత్త ఇల్లు. ప్రింట్ తీసుకున్నాకే లాగౌట్ అవమని మాత్రం చెప్పాలి, లేకపోతే ఫైలు పోయిందని గొడవ. విండోస్ సిస్టమ్స్‌లో అయితే పాలసీ ఫైలులో డౌన్‌లోడ్ ఫోల్డర్ ఒక్కటే ఉండేలా పెట్టి, సిస్టమ్ ఆన్ అయిన ప్రతిసారీ దాన్ని ఖాళీ చేసే చిన్న బ్యాచ్ ఫైలు రాసుకోండి. రెండు లైన్లే, నేను రాసి పంపుతాను.

---

బస్టాండ్ నెట్‌సెంటర్

మూడు వారాలైంది, ఎలా ఉందో చెబుదామని వచ్చాను.

విండోస్ 10 నాలుగింటిలో ఫైర్‌ఫాక్స్, పాలసీ ఫైలు, యూబ్లాక్. ఫైలులో ఒక కామా మర్చిపోయి ఒక రోజంతా ఏదీ అమలు కాలేదు, ఎబౌట్ పాలసీస్‌లో ఎర్రగా చూపిస్తే తెలిసింది. సైట్లు ఎలా ఉంటాయోనని నా భయం. ఇన్ని రోజుల్లో రెండు చోట్లే ఇబ్బంది వచ్చింది. ఒక చోట యూబ్లాక్‌ని ఆ సైటు వరకు ఆపితే చాలింది. ఇంకో సైటు ఫైర్‌ఫాక్స్‌లో ఫొటో అప్‌లోడ్ తీసుకోలేదు. దాని కోసం కోడ్‌పిట్ట బాబు చెప్పిన బ్రేవ్‌ని నేను కూర్చునే సిస్టమ్‌లో మాత్రం ఉంచుకున్నాను, వాలెట్ వగైరా ఆఫ్ చేసి. అది కస్టమర్లకి ఇవ్వను.

విండోస్ 7 రెండింటిలో ఆదివారం షాపు మూసి మింట్ వేశాం. మా మేనల్లుడు వచ్చాడు. గెస్ట్ సెషన్ నాకు ఎంత నచ్చిందంటే, మిగతా నాలుగూ అలాగే మార్చేయాలనిపిస్తోంది. మొదటి రోజే ఒక పెద్దాయన పెన్షన్ కాగితం ప్రింటు తీసుకుని వెళ్తూ "నాది తీసేశావా అమ్మా" అని అడిగారు. ఇన్నేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న. లాగౌట్ చేసి, మళ్లీ లోపలికి వెళ్లి, ఖాళీ ఫోల్డర్ చూపించాను. ఇప్పుడు ప్రతి ఒక్కరికీ అడగకుండానే చూపిస్తున్నాను. పదిహేను సెకన్ల పని.

స్క్విడ్ ఇంకా పెట్టలేదు. బాబాయి గారూ, దానికి పాత సిస్టమ్ ఒకటి దొరికింది, 2 జీబీ ర్యామ్. సరిపోతుందా?

మిగతా నాలుగు సిస్టమ్స్ మార్చకుండా ఆగింది ప్రింటర్ వల్ల. మా ఆయన జిరాక్స్ మెషిన్‌కి ప్రింట్ విండోస్ నుంచే వెళ్తోంది, మింట్ నుంచి పంపితే నలుపు వస్తోంది, తెలుగు అక్షరాలు చోటు తప్పుతున్నాయి. పీడీఎఫ్ చేసి పంపితే సరిగ్గా వస్తోంది. ఇది డ్రైవర్ సమస్యా, ఫాంట్ సమస్యా? ఎవరికైనా తెలిస్తే చెప్పండి. కౌన్సెలింగ్ మొదలయ్యేలోపు ఆరూ పూర్తి చేయాలి.